అంగుళానికి మూడొందలు

నవంబరు వస్తే స్టీమర్ రోడ్డులో
మా ప్రెస్సుకి ఊపిరాడదు.
పెళ్ళి కార్డులు, రొయ్యల మేత బిల్లుబుక్కులు,
వాటి మీద లేసు సంఘం వాళ్ళ క్యాలెండరొచ్చి పడింది.
పన్నెండు నెలలు, పన్నెండుమంది అల్లికవాళ్ళు.
పేరు లేకుండా ఓడెక్కే పనికి
ఒక్క ఏడైనా పేరుండాలని
భాగ్యకుమారి గారి పట్టుదల.

ఫొటోలన్నీ వాట్సాప్‌లో వచ్చాయి.
నీళ్ళు కలిపిన పాలలాంటివవి,
గ్లాసులో తెల్లగానే ఉంటాయి
కాస్తే మీగడ కట్టవు.
స్క్రీను మీద చూసి అందరూ బాగుందంటారు.
నేను లెక్క వేస్తాను:
అడ్డంగా పన్నెండువందల ఎనభై చుక్కలు,
బొమ్మ వెడల్పు పన్నెండు అంగుళాలు,
భాగిస్తే నూట ఆరు.
కావలసింది మూడొందలు.
మిగతా నూట తొంభై నాలుగూ ఎక్కణ్ణించి తేను?
కంప్యూటర్నడిగితే కల్పించి ఇస్తుంది,
దారం లేనిచోట దారం
కన్నం ఉన్నచోట మసక.

ఓనరు కనకరాజు గారి వాదన వేరు.
"గోడ మీది బొమ్మరా, గుమ్మంలోంచి చూస్తారు.
నూట యాభై ఉంటే మహరాజులా సరిపోద్ది."
నిజమే. ఎరువుల కొట్టు క్యాలెండర్లో
వరిచేను నూటికే వేశాను, ఎవరూ అడగలేదు.

కానీ మా ఇళ్ళల్లో క్యాలెండరు ముందు
రోజూ ఎవరో ఒకరు ముక్కు ఆనించి నిలబడతారు,
పాలు రాని రోజుకి సున్నా చుట్టడానికి,
గ్యాసు బండ మార్చిన తేదీ రాయడానికి,
దుర్ముహూర్తం ఎంతవరకో వేలు పెట్టి చూడడానికి.
ఆ జానెడు దూరంలో
అబద్ధం దొరికిపోతుంది.

మర్నాడు పదింటి పంటు దిగి
సఖినేటిపల్లి వైపు నుంచి ఒకావిడ వచ్చింది.
కొల్లాబత్తుల సువార్తమ్మ. మార్చి నెల.
ప్రూఫు చేతికిచ్చాను.
కాగితాన్ని వెలుగుకి తిప్పి
గోటితో లెక్కపెట్టడం మొదలెట్టింది.
"ఇక్కడ ఏడు గొలుసు కుట్లు వేశానండి,
మీరు నాలుగే చూపించారు.
ఈ పువ్వుకి కన్నాలేవండీ? పూడ్చేశారు."

"ఫొటోలో చుక్కలు తక్కువమ్మా."

"అంగుళానికెన్ని?"

నేను తలెత్తి చూశాను.

"మాకూ అదే కదండీ లెక్క.
అంగుళానికి ఇన్నని చెప్తారు,
ఒకటి తగ్గినా ఏజెంటు పక్కన పడేస్తాడు.
దూరాన్నించి చూస్తే బాగానే ఉందిలే అని
మాతో ఎవరూ ఎప్పుడూ అన్లేదు."

రుమాల్లో చుట్టిన ఫోను తీసింది.
"మా కోడలు తీసిందండి. అసలుది దీంట్లోనే ఉంటది."
వైరు పెట్టాను. నాలుగువేల చుక్కలు.
పన్నెండుతో భాగిస్తే మూడొందల ముప్పై మూడు!
పూడిన కన్నాలు తెరుచుకున్నాయి,
వెనకున్న నీలం గుడ్డ వాటిలోంచి తొంగిచూసింది,
చూపుడువేలి మీద
సూది కాయించిన చర్మం కూడా.
దాన్ని కాసేపు చూసింది.
తీసెయ్యమంటుందనుకున్నాను.
"ఉండనివ్వండి. అదీ పనిలోదే."

ఆ వారమంతా ఫోన్లే ఒక్కొక్కటిగా పంటెక్కి వచ్చాయి.

ఆగస్టు దగ్గర ఆగిపోయాను.
రాజేశ్వరమ్మ గారు పెద్ద బల్లగుడ్డ అల్లిన ఏడు
గోదారి వాకిట్లోకి వచ్చిందట.
గుడ్డ ఓడెక్కి పోయింది,
ఆవిడ చూపు తర్వాత పోయింది.
మిగిలింది ఒక్క ఫొటో, తొమ్మిదివందల చుక్కలు.
పెంచితే పొగ.
తీసేస్తే పదకొండు నెలలు.

తొమ్మిదివందల్ని మూడొందలతో భాగించి
వచ్చిన మూడు అంగుళాల్లోనే వేశాను.
చుట్టూ అంతా తెలుపు.

"ఇంత కాగితం ఖాళీగానా?" అన్నాడు కనకరాజు గారు
గుమ్మంలోంచి.
తర్వాత చెప్పులు విడిచి లోపలికొచ్చాడు,
కళ్ళజోడు నుదుటిమీదికి తోశాడు,
వంగాడు, ఇంకొంచెం వంగాడు.
వెనక కట్టింగు మిషను ఆగి ఉంది.

"కన్నాలు కనిపిస్తున్నాయిరా," అన్నాడు.
"ప్లేటు వేయించు."